జాన్సన్ గానుగ

ఉదయం ఎనిమిదీ పదికి సరోజిని వంటింటి గట్టు ముందు నిలబడి ఎడమ చేతికి మూడో వాచీ పెట్టుకుంది. మణికట్టు దగ్గర ఒకటి, దాని పైన ఒకటి, మోచేతికి బెత్తెడు కింద ఇంకొకటి. కుడి చేతికి రెండు. అయిదింటిలో ఒక్కటీ ఆమెది కాదు. కళ్ళు మూసుకుని అరనిమిషం ప్రార్థన చేసుకుంది, ఖాకీ చీర చెంగు నడుముకి దోపుకుంది, సంచీ భుజాన వేసుకుని, వెళ్ళొస్తానండీ అని భర్తకి చెప్పి గేటు తీసింది.

బందరు పోస్టాఫీసులో ఆమెది పోస్టుమ్యాన్ ఉద్యోగం. ఆడవాళ్ళు చేసినా ఉద్యోగం పేరు అదే. మిగతావాళ్ళు స్కూటర్ల మీద పంచే ఉత్తరాలూ పార్సిళ్ళూ ఆమె నడిచి పంచుతుంది. రోజుకి తొమ్మిది కిలోమీటర్లు, పదకొండేళ్ళుగా. ఆ పదకొండేళ్ళూ ఆమె చేతుల మీద ఎవరో ఒకరి వాచీలు ఉంటూనే ఉన్నాయి.

అన్నీ ఆటోమేటిక్ వాచీలు. వాటికి బ్యాటరీ ఉండదు, రోజూ కీ ఇవ్వక్కర్లేదు. లోపల అర్ధచంద్రంలా ఒక బరువు ఉంటుంది. పెట్టుకున్న మనిషి చెయ్యి ఊగితే అది తిరిగి స్ప్రింగుకి కీ ఎక్కిస్తుంది. ఎవరి నడకతో కీ ఎక్కితే, తర్వాత ఆ వాచీ పెట్టుకున్నవాళ్ళకి ఆ నడకే వస్తుంది. వాచీ విప్పేసినా, స్ప్రింగులో ఉన్న కీ అయిపోయేదాకా, అంటే దాదాపు రెండు రోజులు, అది కాళ్ళలో ఉంటుంది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి ఎవరి చేతి వాచీ ఎవరికి ఇవ్వాలో చూసుకుని ఇస్తారు. తాగుబోతు చేతి వాచీ పెళ్ళికొడుక్కి పెట్టరు.

సరోజిని నడకకి గిరాకీ ఎందుకంటే అది ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది. మే నెల ఎండలోనూ తుఫాను ముసురులోనూ అడుగుకీ అడుగుకీ తేడా రాదు. పామర్రు దగ్గర పొలాలున్న పిచ్చేశ్వరరావుకి మోకాళ్ళు అరిగిపోయి ఆపరేషన్ తప్పదన్నారు. సరోజిని నాలుగు రోజులు పెట్టుకుని ఇచ్చిన వాచీతో ఆయన వరి గట్ల మీద తిరుగుతున్నాడు. చర్చి సంఘపెద్ద డేవిడ్ రాజు ఆరాధనకి రెండో పాట అయ్యాక వచ్చేవాడు. ఇప్పుడు మొదటి గంటకే ముందు వరసలో ఉంటున్నాడు. చిన్న ఇబ్బంది ఒకటుంది. ఆమె వాచీ పెట్టుకున్నవాళ్ళు ప్రతి గేటు దగ్గరా ఒక క్షణం ఆగి, లోపల కుక్క ఉందేమో చూసుకుని గానీ ముందుకి కదలరు. దానికెవరూ ఏమీ అనుకోలేదు.

అనుకున్నది ఆమె భర్త జాన్సన్ ఒక్కడే.

జాన్సన్‌కి నలభై తొమ్మిదేళ్ళు. కోనేరు సెంటరు దగ్గర రిపేరు షాపు. మైక్రోవేవ్ ఓవెన్లు, మిక్సీలు, కృత్తివెన్ను రొయ్యల చెరువుల నుంచి వచ్చే, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్ల టైమర్లు అతని పని. అతని చేతికి ఉన్నది బ్యాటరీ వాచీ. నెలకి మూడు సెకన్లు కూడా తేడా రానిదానికి కీతో పనేముందని పాతికేళ్ళుగా అందరితోనూ వాదించాడు. అందువల్ల భార్య చేతికి పెట్టుకోమని ఇవ్వడానికి అతని దగ్గర వాచీ లేదు. నలుగురు మగాళ్ళు తన భార్య నడక నడుస్తున్నారు, తను నడవడం లేదు. కూతురు సుప్రియ నర్సింగు చదవడానికి గుంటూరు వెళ్ళి ఇంట్లో ఇద్దరే మిగిలాక ఈ విషయం అతనికి మరీ దగ్గరగా కనిపించడం మొదలుపెట్టింది.

ముగ్గుర్ని అతను ఎలాగో భరించాడు. పిచ్చేశ్వరరావు ఆమెని అమ్మాయీ అంటాడు. డేవిడ్ రాజు చెల్లెమ్మా అంటాడు, జాన్సన్‌ని బావా అంటాడు. టైలరు శ్రీనివాసరావు వదినగారూ అంటాడు. వాళ్ళంతా ఏదో ఒక వరస కలుపుకున్నవాళ్ళు. గుడివాడ నుంచి వచ్చే జయకృష్ణ ఒక్కడే ఏ వరసా కలపకుండా సరోజినిగారూ అంటాడు.

జయకృష్ణ రొయ్యల మేత డీలరు. వయసు యాభై రెండు. భార్య పోయి మూడేళ్ళయింది. వాచీలు మూడున్నాయి. వాటిలో రెండు ఎప్పుడూ సరోజిని దగ్గరే ఉంటాయి. శనివారం సాయంత్రం అయిదున్నరకి అతని కారు గేటు ముందు ఆగుతుంది.

"వందనాలండీ సరోజినిగారూ."

హిందువే అయినా ఆ ఇంటి అలవాటు తెలుసుకుని వందనాలు అంటాడు. అదీ జాన్సన్‌కి నచ్చదు.

"రండి. నీలం డయల్ వాచీ ఇవాళ ఇచ్చేస్తాను. తెల్లది ఇంకో రెండు రోజులు నా దగ్గరే ఉంచండి. నిన్న ఆఫీసులో మీటింగని నా బీటులో సగం వీధులే తిరిగాను" అంది సరోజిని.

"తొందరేం లేదండీ. మొన్న మా డాక్టరు షుగరు దిగింది, ఏం మందు వాడుతున్నారన్నాడు. మందు కాదండీ, సరోజినిగారి నడక అన్నాను."

జాన్సన్ వరండాలో కూర్చుని మిక్సీ విప్పుతున్నాడు. "ప్రతివారం గుడివాడ నుంచి మీరే రావాలా? డ్రైవరుతో పంపిస్తే సరిపోదూ" అన్నాడు తలెత్తకుండా.

"డ్రైవరుకిస్తే వాడు దారిలో పెట్టుకుంటాడండీ. వాడి నడక నాకెందుకు."

సరోజిని నవ్వింది. ఆ నవ్వు ఎంతసేపు ఉందో జాన్సన్ వారం తర్వాత కూడా చెప్పగలిగేవాడు.

కారు వెళ్ళాక అడిగాడు. "ఆయనదే మణికట్టు దగ్గర ఎందుకు పెట్టుకుంటావు?"

"దాని బెల్టు చిన్నదండీ. పైకి ఎక్కదు."

"పెద్ద బెల్టు వేయించుకోమనకపోయావా?"

"నేనెందుకు అంటాను?" అని ఆమె పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

మంగళవారం పదకొండు గంటలకి జాన్సన్ షాపు కౌంటరు వెనక నుంచి రోడ్డు మీదికి చూశాడు. జయకృష్ణ ఎదురుగా పేవ్‌మెంటు మీద నడిచి వస్తున్నాడు. కుడి పాదం కొంచెం బయటికి వేస్తున్నాడు. నాలుగడుగులకి ఒకసారి సంచీ పట్టీ జారకుండా ఎగరేసినట్టు ఎడమ భుజం ఎగరేస్తున్నాడు. అతని భుజాన సంచీ లేదు. పెళ్ళైన కొత్తలో మంగినపూడి బీచిలో తడి ఇసక మీద ఆ అడుగుల వెనకే జాన్సన్ రెండు ఫర్లాంగులు నడిచాడు. ఇప్పుడు ఆ నడక బట్టతలతో, బుర్రమీసాలతో వచ్చి, చెప్పుల షాపు ముందు ఒక క్షణం ఆగి, కుక్క లేదని చూసుకుని లోపలికి వెళ్ళింది.

జాన్సన్ ఆ మధ్యాహ్నమే మిషను మొదలుపెట్టాడు.

మైక్రోవేవ్ ఓవెన్లో గాజు పళ్ళేన్ని తిప్పడానికి అరచేతిలో పట్టే మోటారు ఒకటి ఉంటుంది. కరెంటిస్తే నిమిషానికి అయిదు చుట్లు తిరుగుతుంది, ఎక్కువా కాదు, తక్కువా కాదు. పాడైన ఓవెన్ల నుంచి ఊడదీసినవి షాపులో పద్నాలుగున్నాయి. రిపేరుకని చెప్పి డేవిడ్ రాజు వాచీ తెప్పించుకుని, దాన్ని తిరిగే పళ్ళెం మీద పడుకోబెట్టాడు. ఆరు గంటలు తిప్పినా కీ ఎక్కలేదు. వాచీతోపాటు లోపలి బరువూ తిరిగింది, అంతే. బరువు కిందికి జారాలంటే వాచీని నిలువుగా తిప్పాలని మర్నాటికి తెలిసింది. నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్కలు కోశాడు. ఒకవైపు మూత వేసి, మూత మధ్యలో మోటారు ఇరుసుకి బెజ్జం పెట్టాడు. పాత సోఫా స్పాంజి గుండ్రంగా కోసి, దాని చుట్టూ వాచీ బెల్టు బిగించి పైపులోకి దూర్చాడు. అలాంటివి అయిదు, ఒకే ఓవెన్ డబ్బాలో అడ్డంగా బిగించాడు. జయకృష్ణ వాచీలకి కోసిన రెండు ముక్కలూ మిగతావాటికంటే అరంగుళం లోతు ఎక్కువ.

వాచీకి రోజుకి ఏడువందల చుట్లు చాలు. అందుకని ఏరేటర్ టైమరు ఒకటి కలిపాడు. పగలంతా మీద తొమ్మిదిసార్లు, సారికి పావుగంట, మొత్తం ఆరువందల డెబ్బై అయిదు చుట్లు. ఒక్క సంగతి అతని చేతిలో లేదు. ఆ రకం మోటారు స్విచ్ వేసిన ప్రతిసారీ ఎటు తిరగాలో దాని ఇష్టం. ఒకసారి కుడికి తిరుగుతుంది, ఒకసారి ఎడమకి. రెండువైపులా తిరిగితే అన్ని రకాల వాచీలకీ పనికొస్తుందని జాన్సన్ సంతోషించాడు.

శుక్రవారం సాయంత్రం దాన్ని ఇంటికి తెచ్చి సరోజినికి చూపించాడు. ఆమె స్టూలు మీద కూర్చుని అయిదు పైపు ముక్కలూ నిదానంగా తిరగడం చూసింది.

"బాగా చేశారు" అంది. "యంత్రానికి నడక ఎక్కడ నుంచి వస్తుందండీ?"

"రాదు. అదే కదా దీని గొప్ప. ఎవరి నడకా ఎక్కదు. శుభ్రంగా కీ ఎక్కుతుంది, అంతే. షాపులో పెడతాను. ఇంక వాళ్ళు ఇంటికి రానక్కర్లేదు. నీ చేతులకి బరువు తగ్గుతుంది."

"బరువని నేనెప్పుడన్నాను?"

"పదకొండేళ్ళు మోశావు, చాలు."

"పిచ్చేశ్వరరావుగారి మోకాళ్ళ సంగతేంటి మరి?"

"అడిగాను. అందర్నీ అడిగాను. మిషనే నయమన్నారు. అస్తమానం నీకు ఇవ్వాలంటే వాళ్ళకీ మొహమాటంగా ఉందట."

అతను ఎవర్నీ అడగలేదు.

"అందరూ అన్నారా?"

"అందరూ. జయకృష్ణ అయితే ముందే అన్నాడు."

సరోజిని స్టూలు మీంచి లేచింది. అయిదు వాచీలూ ఒక్కొక్కటే విప్పి గట్టు మీద వరసగా పెట్టింది. చేతుల మీద వాటి కింద చర్మం అయిదు పట్టీలుగా తెల్లగా ఉంది. కుళాయి కింద రెండు చేతులూ పెట్టి చాలాసేపు కడుక్కుంది.

వాచీల వాళ్ళతో జాన్సన్ ఇంకో మాట చెప్పాడు. సరోజినికి చేతులు లాగుతున్నాయని, డాక్టరు బరువు పెట్టొద్దన్నాడని, కొన్నాళ్ళు అడగొద్దని. వాళ్ళు పాపం అనుకుని వాచీలు షాపులో ఇచ్చి వెళ్ళారు.

మొదట వెనక్కి వచ్చింది పిచ్చేశ్వరరావు. గురువారం ఉదయం వాచీ పెట్టుకుని పామర్రు బస్సెక్కినవాడు పదకొండున్నరకి షాపు మెట్ల మీద ఉన్నాడు.

"ఏం మర్చిపోయారు?" అన్నాడు జాన్సన్.

"ఏం మర్చిపోలేదయ్యా. పామర్రులో దిగాను. ఊళ్ళోకి నడుస్తున్నాననే అనుకున్నాను. చూస్తే బందరు బస్సులో కూర్చుని ఉన్నాను. నీ మిషను గుండ్రంగా తిప్పుతోంది గదా, మరి."

ఆయన కోపంగా అనలేదు. బియ్యంలో రాయి తగిలితే చెప్పినట్టు చెప్పాడు. మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరి, రెండున్నరకి మళ్ళీ వచ్చాడు.

తర్వాత అందరూ వచ్చారు. శ్రీనివాసరావు కత్తెర చేత్తో పట్టుకునే వచ్చాడు. మోటారు కుడికి తిరిగిన పూట వాళ్ళు బస్టాండు వైపు నుంచి, ఎడమకి తిరిగిన పూట చేపల మార్కెట్టు వైపు నుంచి వచ్చారు. డేవిడ్ రాజు ఆదివారం చర్చికని తెల్లచొక్కా వేసుకుని బయల్దేరి, తాళం వేసి ఉన్న షాపు ముందు మూడుసార్లు తేలాడు. నాలుగోసారి అక్కడి నుంచే ఫోను చేశాడు.

"గానుగ కట్టావా బావా? కడితే కట్టావు, ఎద్దులు దొరకలేదా నీకు?"

ఆ పేరు ఊళ్ళో పాకింది. జాన్సన్ గానుగ అన్నారు. సోమవారం అతను మోటార్లు మార్చాడు, పైపుల వాలు మార్చాడు, సరిచేశానన్నాడు. సరికాలేదు. అయినా వాళ్ళు ఎవరూ వాచీలు సరోజినికి తీసుకెళ్ళలేదు. నొప్పి చేతులకి మళ్ళీ బరువు పెట్టడం వాళ్ళకి మర్యాద అనిపించలేదు.

"అమ్మాయికి తగ్గాక చెప్పు. అప్పటిదాకా నీ చుట్టూ తిరుగుతాంలే" అన్నాడు పిచ్చేశ్వరరావు మోకాళ్ళు రాసుకుంటూ.

అందరికంటే ఎక్కువ తిరిగింది జయకృష్ణ. అతనికి రెండు వాచీలు మిషనులో తిరిగాయి. గుడివాడ చేరలేక బందరు లాడ్జిలో దిగాడు. జాన్సన్ ఒకరోజు లెక్కపెట్టాడు. తొమ్మిదిసార్లు వచ్చాడు. వచ్చినప్పుడల్లా స్టూలు లాక్కుని కూర్చుని ఒకటే అడిగాడు.

"సరోజినిగారి చేతులు ఎలా ఉన్నాయండీ?"

వారానికి ఒకసారి తన గేటు ముందు ఆగే మనిషిని రోజుకి తొమ్మిదిసార్లు తన ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు జాన్సన్. అయినా మిషను ఆపలేదు. ఆపితే ఆ వాచీలు ఎక్కడికి వెళ్తాయో అతనికి తెలుసు.

ఇంట్లో సరోజిని ఖాళీ చేతులతో తిరుగుతోంది. తెల్ల పట్టీలు ఎండకి కలిసిపోతున్నాయి. పొద్దున ఎనిమిదీ పదికి ఆమె అలవాటుగా గట్టు ముందుకి వచ్చి, అక్కడేమీ లేకపోతే ఒక క్షణం నిలబడి వెళ్ళిపోవడం జాన్సన్ చూశాడు. మూడో రోజు చూశాక అతను గుడివాడ వెళ్ళాడు. పాత వాచీలు అమ్మే కొట్లో ఒక ఆటోమేటిక్ వాచీ కొన్నాడు. స్టీలు బెల్టు, నల్ల డయలు. దాన్ని జేబులో పెట్టుకుని, ఏమని అడగాలో బస్సులో నాలుగైదు రకాలుగా అనుకుంటూ వచ్చాడు. కాస్త ఇది పెట్టుకో అంటే సరిపోతుందని పెడన దాటాక తేల్చుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి సరోజిని బల్ల ముందు కూర్చుని కాగితం మీద రాస్తోంది.

"ప్రమోషన్ మళ్ళీ వచ్చిందండీ" అంది. "నాగాయలంక పోస్టాఫీసులో కౌంటరు ఉద్యోగం. తిరగక్కర్లేదు. పోయినేడు వద్దని రాసిచ్చాను కదా, నేను కూర్చుంటే వీళ్ళ వాచీలు ఏమవుతాయని. ఇప్పుడా అడ్డు లేదు."

నాగాయలంక దివిసీమ చివర ఉంది. బందరు నుంచి అరవై కిలోమీటర్లు.

"రోజూ ఎలా వెళ్ళొస్తావు?"

"అక్కడ గది చూసుకుంటాను. శనివారం సాయంత్రం వస్తాను."

శనివారం సాయంత్రం అన్న మాట జాన్సన్‌కి మిగతా మాటల కంటే గట్టిగా వినిపించింది. జేబులో వాచీ మీద చెయ్యి ఉంది.

"నాగాయలంకలో జయకృష్ణకి మేత గోడౌను ఉంది" అన్నాడు.

సరోజిని తలెత్తి అతన్ని కాసేపు చూసింది.

"ఉందేమో. నాకు తెలీదు." కలం కాగితం మీద అలాగే ఉంది. "వద్దంటారా?"

"నేనెందుకు వద్దంటాను? నీ ఇష్టం."

ఆమె సంతకం చేసింది. సోమవారం చేరాలి. జాన్సన్ మర్నాడు షాపుకి వెళ్ళి, కొత్తగా ఇంకో పైపు ముక్క కోసి, జేబులోని నల్ల డయల్ వాచీని కూడా మిషనులో పెట్టాడు. మూడు రోజుల్లో దానికి పూర్తిగా కీ ఎక్కింది.

సోమవారం ఆరూ నలభై బస్సుకి సరోజిని వెళ్ళిపోయింది. బస్టాండులో, అన్నం కుక్కరులో ఉందని ఆమె చెప్పింది, గొడుగు తీసుకున్నావా అని అతను అడిగాడు. ఇంటికి వచ్చాక జాన్సన్ బ్యాటరీ వాచీ విప్పి గట్టు మీద పడేసి, నల్ల డయల్ వాచీ పెట్టుకున్నాడు. ఎవరూ పెట్టుకోని వాచీని తనైనా పెట్టుకుందామన్న పంతం తప్ప అప్పుడు అతనికి వేరే ఆలోచన లేదు.

ఆలోచన తొమ్మిది గంటలకి వచ్చింది. షాపు తెరిచి, ఓవెన్ ఒకటి విప్పి, మరలు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. వెళ్ళొద్దు అన్న ఒక్క మాట చెప్పలేకపోయాడు. ఫోనులో చెప్పే మాట కాదది. తొమ్మిదీ ఇరవైకి నాగాయలంక దారిలో అవనిగడ్డ దాకా వెళ్ళే బస్సెక్కాడు. చల్లపల్లిలో బస్సు పది నిమిషాలు ఆగితే టీ తాగడానికి దిగాడు. టీ తాగి, ఎక్కి, కూర్చున్నాడు. పదకొండున్నరకి కోనేరు సెంటరులో దిగాడు.

షాపు స్టూలు మీద జయకృష్ణ కూర్చుని ఉన్నాడు.

"మీరు కూడానా?" అన్నాడు, జాన్సన్ చేతి వాచీ చూసి.

జాన్సన్ వాచీ విప్పి సొరుగులో వేసి, స్కూటరు తీశాడు. విప్పినా రెండు రోజులు ఉంటుందని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా విప్పాడు. మోపిదేవి దాకా వెళ్ళాడు. అక్కడ లారీకి దారిచ్చి పక్కకి తిప్పిన స్కూటరు మళ్ళీ రోడ్డెక్కేసరికి అటుది ఇటయింది. రెండూ ఇరవైకి షాపు ముందు స్టాండు వేశాడు.

జయకృష్ణ ఈ మధ్యలో బస్టాండు దాకా వెళ్ళి రెండుసార్లు తిరిగొచ్చాడు. ఇద్దరూ కౌంటరుకి చెరోవైపు కూర్చుని నీళ్ళు తాగారు.

"నాగాయలంక వెళ్దామనేనా?" అన్నాడు జయకృష్ణ. "నా కారు ఇస్తాను గానీ, మీరు నడిపినా నేను నడిపినా ఇక్కడికే గదండీ వచ్చేది."

"మిమ్మల్నొకటి అడగాలి" అన్నాడు జాన్సన్. "అందరూ అమ్మాయీ అంటారు, చెల్లెమ్మా అంటారు, వదినా అంటారు. మీరొక్కరే గారూ అంటారు. ఎందుకని?"

జయకృష్ణ కొంచెం ఆలోచించాడు. అంతకుముందు ఎవరూ అడగని ప్రశ్నలా ఉంది.

"ఉద్యోగస్తురాలు కదండీ. మా నాన్నగారు కూడా పోస్టు తెచ్చే ఆయన్ని గారూ అనేవారు. ఎండలో మన కోసం నడిచి వస్తారు కదా. మా ఆవిడ పోయాక నేను గుమ్మం దిగింది సరోజినిగారి నడకతోనే. వరస కలిపితే అదేదో తీసిపారేసినట్టుంటుందని." గ్లాసు కింద పెట్టి మళ్ళీ అన్నాడు. "చేతుల నొప్పి తగ్గాక మళ్ళీ వాచీ పెట్టుకుంటారా అని అడుగుదామనే రోజూ కూర్చుంటున్నాను. మీరేమో మాట కలపరు."

జాన్సన్ నమ్మాడు. నమ్మినా మణికట్టు దగ్గరి చిన్న బెల్టు, వరండాలో నవ్వు అలాగే గుర్తున్నాయి. జవాబు దొరికింది కదా అని అసూయ అప్పటికప్పుడు పోలేదు. దానికి కూడా ఇంకా కీ మిగిలి ఉన్నట్టుంది.

రెండూ యాభైకి ఆటో మాట్లాడాడు. నేను దిగుతానన్నా దింపొద్దని డ్రైవరుకి ముందే చెప్పాడు. చల్లపల్లిలో గ్యాసు కోసం ఆగినప్పుడు డ్రైవరే దిగమన్నాడు, బంకులో రూలు అది. దిగినవాడు రోడ్డు దాటి, ఎదురుగా ఆగి ఉన్న బందరు బస్సెక్కి కూర్చున్నాడు. డ్రైవరు కేకలు వేస్తున్నాడని తెలుస్తూనే ఉంది.

నాలుగూ నలభై అయిదుకి షాపు మెట్లెక్కాడు. జయకృష్ణ లేడు, అతని చుట్టు ఇంకా పూర్తి కాలేదు. మిషనులో పైపు ముక్కలు ఎడమకి తిరుగుతున్నాయి. జాన్సన్ ప్లగ్గు పీకేసి కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. నాలుగూ యాభైకి ఫోను మోగింది.

"ఎక్కడున్నారండీ?" అంది సరోజిని.

వెనక ఎవరో ముద్ర కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. పొద్దుట్నుంచీ మూడుసార్లు బయల్దేరానని చెప్పాలంటే, సొరుగులో వాచీ గురించి చెప్పాలి. దాన్ని ఎందుకు కొన్నాడో, ఆమెకి ఇవ్వకుండా మిషనులో ఎందుకు పెట్టాడో చెప్పాలి. పిచ్చేశ్వరరావు మోకాళ్ళ గురించి, ఎవరూ అనని మాటల గురించి చెప్పాలి.

"షాపులోనే" అన్నాడు.

అవతల కాసేపు ముద్ర చప్పుడే వినిపించింది.

"అన్నం తిన్నారా?"

"తింటాను."

"సరే. ఉంటానండీ" అని ఆమె పెట్టేసింది.

బుధవారం సాయంత్రానికి కాళ్ళు తన మాట వినడం మొదలుపెట్టాయి. గురువారం జాన్సన్ నాలుగిళ్ళకీ తిరిగి వాచీలు ఎవరివి వాళ్ళకి ఇచ్చేశాడు. సరోజిని చేతులకి ఎప్పుడూ ఏమీ కాలేదని చెప్పాడు. పిచ్చేశ్వరరావు, "మరి ముందే చెప్పొద్దుటయ్యా" అని మాత్రం అన్నాడు. శనివారం ఆమె వచ్చినప్పుడు నల్ల డయల్ వాచీ చేతికిచ్చి మిగతాదంతా చెప్పాలని జాన్సన్ అనుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం పోస్టాఫీసులో పనిచేసే కాంతారావు మిక్సీ జారు బాగు చేయించుకోవడానికి షాపుకి వచ్చాడు. మాటల్లో, సరోజిని చేరినట్టు రాసిచ్చిన కాగితం నాగాయలంక నుంచి ఆ ఉదయమే వచ్చిందని చెప్పాడు.

"అక్కడి పోస్టుమాస్టరు ఫోనులో అన్నాడు జాన్సన్‌గారూ. మీ ఆవిడ తొమ్మిదింటికే వచ్చి గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చున్నారట. సంతకం పెట్టండమ్మా అంటే, ఉండండి, మా ఆయన వస్తారేమో చూస్తున్నాను, వస్తే ఈ కాగితం చింపేద్దాం అన్నారట. మధ్యాహ్నం అన్నానికి కూడా లేవలేదట. మీరు రావాల్సి ఉందా ఏంటి?"

కాంతారావు ఫోనులో ఆ కాగితం ఫోటో ఉంది. చేరిన వేళ అన్న గడిలో పూర్వాహ్నం అని అచ్చయి ఉన్నచోట అడ్డంగా గీత కొట్టి, పక్కన సరోజిని తన చేత్తో అపరాహ్నం 4.55 అని రాసింది.